నల్లకోటు రికార్డులు

ఏడు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరని రికార్డు ఒకటి అమరావతిలోని నేలపాడు హైకోర్టులో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు, అక్కణ్నుంచి అమరావతికి మారింది. హైకోర్టు గుంటూరులో మొదలై, హైదరాబాదు చేరి, చివరికి కృష్ణ ఒడ్డుకు వచ్చింది. ఇన్ని మారినా అడ్వొకేట్ జనరల్ (ఏజీ) కుర్చీలో కూర్చున్న మహిళల సంఖ్య అప్పుడూ ఇప్పుడూ 0. తెలంగాణ విడిపోయాక అక్కడా అదే 0. తెలుగు న్యాయచరిత్రలో ఇంత మొండి రికార్డు ఇంకోటి లేదు. ఇది ఎంత తొందరగా బద్దలైతే అంత మంచిది. ఈలోగా దాని చుట్టూ మన లాయరమ్మలూ, లోకంలోని లాయరమ్మలూ నెలకొల్పిన రికార్డులు చూద్దాం.

రాష్ట్రంలో అతి పెద్ద కక్షిదారు ప్రభుత్వం. ఆ కక్షిదారుకు అతి పెద్ద ప్లీడరు ఏజీ. ప్రభుత్వ ప్లీడర్లు (జీపీలు), సహాయ ప్లీడర్లు (ఏజీపీలు) ఎందరున్నా హైకోర్టులో సర్కారు తరఫున పెద్ద గొంతు ఏజీదే. రాజ్యాంగం 165వ అధికరణం ఈ పదవిని సృష్టించింది. 177వ అధికరణం మరో అరుదైన హక్కు ఇచ్చింది. ఏపీ అసెంబ్లీలో లేచి మాట్లాడాలంటే 175 మంది సభ్యులూ ఎన్నికల్లో గెలిచి రావాలి. ఏజీ ఒక్క ఓటూ అడగకుండా అదే సభలో మాట్లాడొచ్చు. ఓటు వేసే హక్కు మాత్రం లేదు.

అతి ఎత్తైన కోర్టు ఇంకా కాగితం మీంచి లేస్తూ ఉంది. అమరావతిలో శాశ్వత హైకోర్టుకు గీసిన నమూనా స్తూపాకారం, ఎత్తు 55 మీటర్లు. అంటే డెల్టా గట్ల మీది తాటిచెట్లు మూడింటిని ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినంత. విస్తీర్ణం 20 లక్షల చదరపు అడుగుల పైమాటే. ప్రస్తుతం నడుస్తున్నది 2019 ఫిబ్రవరి 3న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి (సీజేఐ) రంజన్ గొగోయ్ ప్రారంభించిన తాత్కాలిక భవనం.

అతి వేగంగా ఊరు మారిన హైకోర్టూ మనదే. 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి నోటిఫికేషన్ వచ్చింది. 2019 జనవరి 1న విజయవాడలో జడ్జీలు ప్రమాణం చేశారు. మధ్యలో ఉన్నది వారం కూడా కాదు. హైదరాబాదులో సంసారాలు, పిల్లల చదువులు, ఆఫీసులు ఉన్న వందలాది లాయర్లు రాత్రికి రాత్రి పెట్టె సర్దుకున్నారు. చంటిబిడ్డల తల్లులైన ప్లీడర్లకు ఆ వారం ఎంత బరువో అంకెల్లో చెప్పలేం. దేశంలో 25వ హైకోర్టు అలా మొదలైంది.

అతి తక్కువ కాలం బతికింది గుంటూరు హైకోర్టు. 1954 జులై 5న తెరిచారు, 1956 నవంబరు 5కల్లా హైదరాబాదు తరలించారు. మొత్తం 854 రోజులు. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఆ తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ 854 రోజుల్లో బెంచి మీద ఒక్క మహిళా లేరు.

ఇక ప్రపంచం సంగతి. అతి పొడవైన ఎదురుచూపు ఇంగ్లండుది. అక్కడ రాజుగారి తరఫున వాదించే అటార్నీ జనరల్ పదవి 13వ శతాబ్దం నాటిది. తొలి మహిళ ఆ పదవిలోకి వచ్చింది 2007 జూన్‌లో, పేరు ప్యాట్రీషియా స్కాట్లాండ్. 700 ఏళ్ల పైచిలుకు! ఓరుగల్లులో రుద్రమదేవి రాజ్యమేలిన శతాబ్దంలో మొదలైన కొలువుకు మొదటి ఆడమనిషి మన సెల్‌ఫోన్ల కాలంలో దొరికింది.

అమెరికాలో రాష్ట్రానికో అటార్నీ జనరల్ ఉంటారు. మన ఏజీకి వాళ్లే సాటి. 50 రాష్ట్రాల్లో 43 చోట్ల ఈ పదవికి జనమే ఓటేస్తారు. 5 చోట్ల గవర్నరు నియమిస్తారు. మెయిన్‌లో శాసనసభ ఎన్నుకుంటుంది, టెనెసీలో సుప్రీంకోర్టు నియమిస్తుంది. మన 28 రాష్ట్రాల్లో అన్నిచోట్లా నియామకమే.

ఆ 50 రాష్ట్రాల్లో అందరికంటే ముందు నిలిచిన మహిళ ఆన్ ఆల్పెర్న్. 1959లో పెన్సిల్వేనియా అటార్నీ జనరల్ అయ్యారు. అంతకుముందే పిట్స్‌బర్గ్ నగరానికి ఏళ్ల తరబడి ప్రధాన న్యాయవాది. 1961లో అదే రాష్ట్ర సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి. ఒకే మనిషి, రెండేళ్ల తేడాలో రెండు ప్రథమ స్థానాలు!

జనం ఓట్లతో గెలిచిన తొలి మహిళ ఇంకా విచిత్రమైన దారిలో వచ్చారు. పేరు ఆర్లీన్ వయొలెట్. వృత్తికి లాయరు, వ్రతానికి క్రైస్తవ సన్యాసిని. ఎన్నికల్లో నిలబడటానికి మఠం వదిలి బయటికొచ్చి, 1984లో రోడ్ ఐలాండ్‌లో గెలిచారు. అమెరికాలో అతి చిన్న రాష్ట్రం అదే. వైశాల్యంలో మన పాత కృష్ణా జిల్లాలో సగం కూడా రాదు. అతి చిన్న రాష్ట్రం అతి పెద్ద రాష్ట్రాలన్నిటికంటే ముందు నడిచింది. రెండేళ్ల తర్వాత ఆమె ఓడిపోయారు గానీ రికార్డు ఓడిపోలేదు.

దీర్ఘకాలం కూర్చున్నవాళ్లలో లీసా మాడిగన్ పేరు చెప్పాలి. ఇల్లినాయ్‌లో 2003 నుంచి 2019 దాకా, నాలుగు ఎన్నికలు, 16 ఏళ్లు. ఆ రాష్ట్రంలో ఆడా మగా ఎవరూ అంతకాలం ఆ పదవిలో లేరు. 2014లో విడిపోయిన మన రెండు తెలుగు రాష్ట్రాల వయసు కంటే ఆమె ఒక్కరి పదవీకాలం ఎక్కువ.

అతి సన్నని గెలుపు ఆరిజోనాది. 2022లో క్రిస్ మేయెస్ అనే ఆమె అటార్నీ జనరల్‌గా నెగ్గారు. పోలైన ఓట్లు దాదాపు 25 లక్షలు. మళ్లీ లెక్కపెట్టాక తేలిన ఆధిక్యం 280. విజయవాడ వాళ్లకు మాత్రం ఇది పెద్ద ఆధిక్యంలాగే కనిపిస్తుంది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో అసెంబ్లీ సీటు తేలింది 25 ఓట్లతో. లెక్కింపు బల్ల చుట్టూ నిలబడ్డ ఏజెంట్ల గుండెచప్పుడు ఊరంతా విన్న రాత్రి అది. అదే సీటు 2024లో 68 వేల పైచిలుకు ఆధిక్యంతో చేతులు మారింది.

ఎత్తులో మొదటి స్థానం జానెట్ రీనోది. ఆరడుగులు దాటిన మనిషి. 1993లో అమెరికా దేశానికే తొలి మహిళా అటార్నీ జనరల్ అయ్యారు, 2001 దాకా ఉన్నారు. 20వ శతాబ్దంలో ఆ పదవిలో ఆమె అంత కాలం ఇంకెవరూ లేరు.

ఈ కుర్చీ మెట్టుగా కూడా పనిచేస్తుంది. ఆరిజోనాలో జానెట్ నపాలిటానో, మిషిగన్‌లో జెనిఫర్ గ్రాన్‌హోమ్, ఇద్దరూ 1999లో అటార్నీ జనరల్, ఇద్దరూ 2003లో గవర్నర్. వాషింగ్టన్‌లో క్రిస్టీన్ గ్రెగోయిర్, మసాచుసెట్స్‌లో మౌరా హీలీ అదే దారి పట్టారు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లెక్క.

అతి దూరం ఎగబాకింది కమలా హారిస్. తల్లి శ్యామల తమిళనాడు బిడ్డ. 2010 ఎన్నిక ఎంత బిగువుగా సాగిందంటే ఎవరు గెలిచారో తేలడానికి మూడు వారాలు పట్టింది, తేడా ఒక శాతం కూడా లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియా తొలి మహిళా అటార్నీ జనరల్. పదేళ్లకు 2021 జనవరిలో ఉపాధ్యక్షురాలు. కాలిఫోర్నియా జనాభా సుమారు 3 కోట్ల 95 లక్షలు. ఆంధ్రప్రదేశ్ 2011 లెక్కల్లోనే 4 కోట్ల 90 లక్షలు దాటింది. జనంలో మన రాష్ట్రమే పెద్దది. ఏజీ కుర్చీ లెక్కలో మాత్రం అక్కడ ఒకటి, ఇక్కడ సున్నా.

ఆ కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలోనే విజయవాడ పేరు మోగింది. 2024 మేలో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా బాడిగ జయ నియమితులయ్యారు. పుట్టింది విజయవాడలో. తండ్రి బాడిగ రామకృష్ణ మచిలీపట్నం ఎంపీగా చేసినవారు. హైదరాబాదులో డిగ్రీ, బోస్టన్‌లో పీజీ, శాంటా క్లారాలో లా. బాధ్యతలు తీసుకునే వేడుకలో ఆమె తెలుగులో పలకరించిన వీడియో కృష్ణలంక నుంచి బందరు దాకా ప్రతి ఫోనులోనూ తిరిగింది. బెజవాడకూ ఆ కోర్టుకూ మధ్య 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణా జిల్లా ఆడపిల్ల జడ్జి పీఠం కోసం చేసిన ప్రయాణాల్లో ఇంతకన్నా దూరం వెళ్లినదాన్ని నేనెరగను.

తెలుగు లాయరమ్మ చేతిలో పడ్డ అతి పెద్ద నిర్ణయం అంటే గద్దె విజయను చెప్పుకోవాలి. హైదరాబాదులో పుట్టి, అమెరికాలో పెరిగి, ట్విటర్‌లో న్యాయవిభాగం అధిపతి అయ్యారు. 2021 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడి ఖాతాను ఆ సంస్థ మూసేసినప్పుడు ముందున్నది ఆమె. ఆ ఖాతాకు అనుచరులు 8 కోట్ల 80 లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాల జనమంతా కలిసినంత. తెలుగు దంపతుల బిడ్డ చిలుకూరి ఉష యేల్‌లో లా చదివి అమెరికా ప్రధాన న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా పనిచేశారు. 2025 నుంచి ఆమెను లోకం ఉపాధ్యక్షుడి భార్యగా ఎరుగును. ఆమెకు ముందు నుంచీ ఉన్న గుర్తింపు లాయరుగానే.

ఇప్పుడు మన దేశం. పట్టా కోసం అతి ఎక్కువ కాలం ఆగింది కార్నీలియా సొరాబ్జీ. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాశారు. ఆడవాళ్లకు పట్టా ఇచ్చే రివాజు లేదన్నారు. చేతికిచ్చింది 1922లో. 30 ఏళ్లు! ఈలోగా 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రా ప్లీడర్లుగా నమోదు చేయమని అడిగితే, చట్టంలోని మాట మగవాళ్లకే వర్తిస్తుందని హైకోర్టులు తలుపు మూశాయి. 1923లో ప్రత్యేక చట్టం వస్తే గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. మహిళలు ప్లీడరీ చేయొచ్చని చెప్పడానికి ఒక చట్టమే కావలసి వచ్చింది.

మద్రాసు హైకోర్టులో తొలి మహిళా న్యాయవాది ఆనందబాయి. నమోదైంది 1929లో. అప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల పెద్ద కోర్టు మద్రాసుదే. అదే 1929లో మద్రాసు అడ్వొకేట్ జనరల్ కుర్చీ ఎక్కినవారు నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1944 దాకా దిగలేదు. 15 ఏళ్లు! దేశానికి తొలి అటార్నీ జనరల్ అయిన సెతల్వాడ్ కూడా 1950 నుంచి 1963 దాకా 13 ఏళ్లే ఉన్నారు. ఏజీ కుర్చీలో మన నెల్లూరాయన కాలం అంతకంటే రెండేళ్లు ఎక్కువ.

కోర్టు గుమ్మం ఎక్కకుండానే చట్టాన్ని అతి ఎక్కువ ఇళ్లకు చేర్చింది కనుపర్తి వరలక్ష్మమ్మ అంటే తప్పు లేదు. బాపట్లలో 1896లో పుట్టారు. 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' రాశారు. స్నేహితురాలికి రాసే ఉత్తరంలా మొదలై, ఆడపిల్లకు 14 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదన్న 1929 నాటి శారదా చట్టం దాకా అన్నీ అందులో చర్చకు వచ్చేవి. ప్లీడరు ఫీజు లేని సలహా. పడక్కుర్చీలో భర్త చదివి పక్కన పెట్టిన పత్రికను వంటింటి గడప మీద కూర్చుని ఎందరు ఇల్లాళ్లు చదువుకున్నారో! 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం తొలిసారిగా తొడిగింది ఆమె చేతికే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ దగ్గరికి వస్తే ఒక్క రికార్డుతో సరిపెట్టలేం. 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకు పెళ్లి. ఊహ తెలిశాక ఆ బంధం తనకొద్దని చెప్పిన ధీర. 14 ఏళ్ల వయసులో, 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేశారు. దేశంలో అతి చిన్న వయసు గేటు కాపలాదారు, అతి పెద్ద అతిథి!

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె జైలు పాలయ్యారు. మదురై జైల్లో ఏకాంతవాసం. చుట్టూ ఉన్న ఆడఖైదీల్లో చాలామందికి తమ మీద కేసేమిటో తెలియదు, వాదించే దిక్కులేదు. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. బయటికొచ్చి మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పట్టా. ఆ మధ్యలోనే 1937లో ఆంధ్ర మహిళా సభ. జైలు గదిలో మొదలై కోర్టు హాలులో ముగిసిన చదువు ఇంతకంటే పొడుగైనది నాకు తెలీదు.

రాజ్యాంగ సభలో చివరికి 299 మంది సభ్యులు. మొత్తం మీద ఆ సభలో కూర్చున్న మహిళలు 15 మంది. సభాధ్యక్షుల జాబితాలో చోటు దక్కిన మహిళ ఒక్కరే, దుర్గాబాయి. ఆమె ప్రతిపాదించిన సవరణలు 750 దాకా. అల్లాడి ముసాయిదా సంఘంలో, దుర్గాబాయి సభలో. ఏజీ పదవికి 165వ అధికరణం అంటూ ఒక అంకె వేసిన సభ అదే. ఆ అధికరణంలో ఆడ, మగ అన్న తేడా ఎక్కడా లేదు.

అతి నెమ్మదిగా పండిన సలహా కూడా ఆమెదే. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మనకూ కావాలని నెహ్రూకూ పెద్ద జడ్జీలకూ చెప్పారు. ఆ చట్టం వచ్చింది 1984లో. 31 ఏళ్లు. ఆమె 1981లోనే కన్నుమూశారు. ఇవాళ విజయవాడ ఫ్యామిలీ కోర్టు వరండాలో వాయిదా కోసం పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే ప్రతి తల్లీ ఆ సలహా ఫలం అందుకుంటున్న మనిషే.

డెల్టాకు అసలైన కిరీటం అమరేశ్వరిది. బాపట్ల పక్కన అప్పికట్ల. పేరు పలికితేనే వరిచేల పచ్చదనం కళ్లకు కట్టే ఊరు. 1928 జులై 10న ఒక రైతు ఇంట పుట్టారు. 14వ ఏట పెళ్లి. దుర్గాబాయి లా పట్టా అందుకున్నదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. చాలామంది ఆడపిల్లల చదువు పెళ్లిపీటల దగ్గరే ఆగిపోయే కాలం. ఈవిడది ఆగలేదు. 20 ఏళ్లకల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రాజనీతి, చరిత్రల్లో ఎం.ఏ. తర్వాత లా. తర్వాత నల్లకోటు.

1978 ఏప్రిల్ 29. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తిగా అమరేశ్వరి ప్రమాణం. గుంటూరులో హైకోర్టు తెరిచిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు 24 ఏళ్లు. కేరళలో అన్నా చాందీ 1959లోనే హైకోర్టు జడ్జి అయ్యారు. దేశంలో అదే మొదటిది. మనం 19 ఏళ్లు వెనక. అయినా సుప్రీంకోర్టులో తొలి మహిళ ఫాతిమా బీవీ 1989లో వచ్చేనాటికి అప్పికట్ల అమ్మాయి హైకోర్టు బెంచి మీద కూర్చుని 11 ఏళ్లయింది. పాత ప్లీడర్లు "మైలార్డ్" అనడానికి అలవాటు పడ్డ నాలుకను తిప్పుకోవాల్సి వచ్చిన తొలి కోర్టు హాలు ఆమెదే. 2009లో కన్నుమూశారు. బాపట్ల కోర్టుకెళ్లే ప్రతి లా విద్యార్థినికీ ఆ పేరు తెలియాలి.

దేశంలోని అతి చిన్న హైకోర్టుల్లో ఒకదానికి తొలి అధిపతి తెలుగామె. 2013 మార్చిలో మేఘాలయకు సొంత హైకోర్టు ఇచ్చారు. అప్పుడు మంజూరైన జడ్జీల సంఖ్య 3. నేటి ఏపీ హైకోర్టుది 37. ఆ కొత్త కోర్టుకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి టి. మీనాకుమారి. ఆగస్టులో పదవీ విరమణ. కాలం నాలుగు నెలల పైన కొద్దిగా. అయినా షిల్లాంగ్‌లోని ఆ హైకోర్టు జాబితాలో మొదటి గీత మీద ఉన్నది తెలుగు పేరు.

దేశ రాజధానిలో రికార్డు జి. రోహిణిది. 1955లో విశాఖలో పుట్టారు. 1980లో ప్లీడరీ, 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి, 2014 ఏప్రిల్ 21న ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1966లో పుట్టిన ఆ కోర్టుకు 47 ఏళ్ల తర్వాత దొరికిన తొలి మహిళా అధిపతి. ఆమె పేరున ఇంకో రికార్డూ ఉంది. ఓబీసీ ఉపవర్గీకరణ మీద 2017 అక్టోబరులో ఆమె అధ్యక్షతన వేసిన కమిషన్‌కు ఇచ్చిన గడువు 12 వారాలు. పొడిగింపుల మీద పొడిగింపులు వచ్చి, నివేదిక అందింది 2023 జులై 31న. 12 వారాలు దాదాపు ఆరేళ్లయ్యాయి.

అతి వేగంగా మహిళలతో నిండింది తెలంగాణ హైకోర్టు. 2021 జనవరిలో తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా హిమా కోహ్లి. ఆ ఏడాది అక్టోబరులో ప్రమాణం చేసిన ఏడుగురు జడ్జీల్లో మహిళలు 4. 2022 మార్చిలో 10 మంది వస్తే మళ్లీ 4. ఆరు నెలలు తిరక్కుండా 17 మందిలో 8 మంది మహిళలు! ఉమ్మడి రాష్ట్రంలో మొదటి ఒక్కరి కోసం దాదాపు 24 ఏళ్లు ఆగిన చోట ఇది జరిగింది.

ఎక్కువ కోర్టులు తిరిగినవారిలో లలిత కన్నెగంటి ఒకరు. ఉమ్మడి గుంటూరు జిల్లా మనిషి. 2020లో ఏపీ, 2021లో తెలంగాణ, 2023లో కర్ణాటక. మూడేళ్లలో మూడు హైకోర్టులు.

సుప్రీంకోర్టులో 1950 నుంచి 2025 దాకా కూర్చున్న మహిళలు 11 మంది. అందులో తెలుగువారు 0. ముందే చెప్పిన సున్నాకు ఇది తోడు. మొత్తం దేశానికి అటార్నీ జనరల్, సొలిసిటర్ జనరల్ పదవుల్లోనూ మహిళలు 0. వాటి కింది మెట్టు అదనపు సొలిసిటర్ జనరల్‌ది. దాని మీద 2009లో తొలిసారి కాలు మోపింది ఇందిరా జైసింగ్.

చాలా పొట్టి పదవీకాలం ఒకటి రాబోతోంది. సీనియారిటీ వరస ఇలాగే సాగితే జస్టిస్ బి.వి. నాగరత్న 2027 సెప్టెంబరులో దేశానికి తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అవుతారు. కాలం 36 రోజులు. 77 ఏళ్ల ఎదురుచూపు, 36 రోజుల పీఠం.

ఈ లెక్కలను అందరికంటే సూటిగా చెప్పినవారు మన పాత కృష్ణా జిల్లా పొన్నవరం మనిషే. జస్టిస్ ఎన్.వి. రమణ 48వ సీజేఐగా ఉండగా 2021 సెప్టెంబరులో మహిళా న్యాయవాదుల ముందు అంకెలు పెట్టారు. దేశంలో 17 లక్షల మంది న్యాయవాదులు, మహిళలు 15 శాతం. రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైనవారిలో 2 శాతం. సుమారు 6,000 ట్రయల్ కోర్టుల్లో 22 శాతం చోట్ల ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. అంటే 1,300కు పైగా కోర్టులు. ఈ చివరి అంకె నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. పొద్దున పదింటికి కోర్టుకొచ్చి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగడానికి భయపడే లాయరమ్మను ఏజీ కుర్చీ దాకా రమ్మని ఎలా పిలుస్తాం? న్యాయవ్యవస్థలో 50 శాతం మీ హక్కు, దయాధర్మం కాదు అని ఆయన వాళ్లతో అన్నారు. విజయవాడ కొత్త కోర్టు సముదాయానికి 2013లో శంకుస్థాపన చేసిందీ, 2022 ఆగస్టు 20న ప్రారంభించిందీ ఆయనే. ఇటుక వేసిన చేయే తొమ్మిదేళ్లకు తలుపు తీసింది.

విజయవాడలో లా చదువుకు పేరున్న కళాశాలకు ఆడమనిషి పేరే. వెలగపూడి దుర్గాంబ సిద్ధార్థ లా కాలేజీ. బెజవాడ, బందరు, గుడివాడ, తెనాలి, రేపల్లె, అవనిగడ్డ కోర్టుల్లో వకాల్తా వేస్తున్న ఎందరో ఆ గుమ్మంలోంచి వచ్చినవాళ్లే.

చివరగా అతి తక్కువ మెట్లున్న పెద్ద పదవి. హైకోర్టు జడ్జి కావాలంటే హైకోర్టు కొలీజియం, రాష్ట్ర ప్రభుత్వం, నిఘా విభాగం, కేంద్ర న్యాయశాఖ, సుప్రీంకోర్టు కొలీజియం, రాష్ట్రపతి భవన్ అన్నీ దాటాలి. నెలలు, కొన్నిసార్లు ఏళ్లు. ఏజీ కావడానికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, కొలీజియం లేదు. వయసు పరిమితీ లేదు, ఆ సంగతి 1952లోనే నాగపూర్ హైకోర్టు తేల్చింది. అర్హత ఒక్కటే. హైకోర్టు జడ్జి కాదగిన మనిషై ఉండాలి. అంటే హైకోర్టులో పదేళ్ల ప్లీడరీ, లేదా పదేళ్ల న్యాయాధికార పదవి. జడ్జి పదవికీ ఏజీ పదవికీ రాజ్యాంగం పెట్టిన కొలబద్ద ఒకటే. అమరేశ్వరి బెంచి ఎక్కిన 1978 నుంచి ఆ కొలతకు సరిపోయిన తెలుగు మహిళలు వరసగా వస్తూనే ఉన్నారు, జడ్జీలూ అవుతున్నారు. మంత్రిమండలి సలహా, గవర్నరు సంతకం, ఒక్క జీవో. పొద్దున జీవో వెలువడితే, మధ్యాహ్నం బెంచి ముందు ఏజీగా లేచి నిలబడొచ్చు.